మోటారు గుర్రుమంటుంది, చక్రం కదలదు: పాత బొమ్మ రైళ్ల మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా మేనమామగారి ట్రయాంగ్ (పాత బ్రిటిష్ బొమ్మ రైళ్ల కంపెనీ) ఇంజను ఏళ్ల తరబడి అటక మీద పడి ఉంది. ఇంట్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ తగిలిస్తే గుర్రుమని వేడెక్కుతుంది, అంగుళం కూడా కదలదు. రిపేరు అబ్బాయి మోటారు మార్చేయమంటున్నాడు. మార్చాలా? (బరంపురం)

జవాబు: ముందు అనుమానించాల్సింది ట్రాన్స్‌ఫార్మర్‌ని. ఈ ఇంజన్లు 12 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) మీద నడుస్తాయి. ఏసీ ఇస్తే కరెంటు సెకనుకి వందసార్లు దిశ మార్చుకుంటుంది. మోటారు ఎటు తిరగాలో తేలక ఉన్నచోటే వణుకుతుంది, కాగుతుంది. మీరు చెప్పిన లక్షణాలు అచ్చం అవే. మల్టీమీటరు పెట్టి చూడండి. డీసీలో దాదాపు సున్నా, ఏసీలో పన్నెండో పదిహేనో చూపిస్తే దొంగ దొరికినట్టే. పాత ట్రాన్స్‌ఫార్మర్ తీగల మీది రబ్బరు గోకితే రాలిపోతోందా? దాన్ని ప్లగ్గులో పెట్టనే వద్దు. 12 వోల్టులు, 1 ఆంపియరు డీసీ అడాప్టరూ, వేగం మార్చే ఒక కంట్రోలరూ చాలు.

డీసీ ఇచ్చినా కదలకపోతే అప్పుడు విప్పండి. చక్రాలు పట్టుకుని బలవంతంగా తిప్పొద్దు. మోటారు ఇరుసుకి ఉన్నది వార్మ్ గేరు, అంటే మరలాంటి పళ్లచుట్టు. మోటారు చక్రాన్ని తిప్పగలదు గానీ చక్రం మోటారుని తిప్పలేదు, పళ్లు అరిగిపోతాయంతే. వెనకవైపు స్క్రూ తీసి మోటారుని పైకెత్తి, దానికి విడిగా కరెంటు ఇవ్వండి. గిర్రున తిరిగితే తప్పు చక్రాల దగ్గర జిగురులా గట్టిపడిన పాత గ్రీజుది.

విడిగా కూడా తిరగకపోతే కమ్యుటేటర్ (మోటారు ఇరుసు మీద, చుట్టలకి కరెంటు అందించే భాగం) చూడండి. మూడు రాగి ముక్కలు, వాటి మధ్య మూడు సన్నని చీలికలు ఉంటాయి. చీలికల్లో నల్లటి కార్బన్ మడ్డి నిండితే కరెంటు అడ్డదారిన ఒక ముక్క నుంచి పక్కదానికి పోతుంది. టూత్‌పిక్కుతో గీకి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడవండి. గరుకు కాగితం పెట్టకండి, గీతలు పడి బ్రష్షులు (దాన్ని రాసుకుంటూ కరెంటిచ్చే కార్బన్ ముక్కలు) తొందరగా అరిగిపోతాయి. తర్వాత ముక్కల్ని రెండేసి చొప్పున ఓమ్స్‌లో కొలవండి. మూడు కొలతలూ దాదాపు ఒకేలా రావాలి. ఒకటి బాగా తేడాగా ఉంటే మోటారు తీగచుట్టలో తెగడమో, షార్టో ఉన్నట్టు. రిపేరు అబ్బాయి మాట నిజమయ్యేది అప్పుడే.

చాలామంది పారేసుకునేది ఇంకొకటుంది. బ్రష్షుల్ని నొక్కిపట్టే తీగ స్ప్రింగుకి ఒక కాలు మీద చిన్న గొట్టంలాంటి తొడుగు ఉంటుంది. అది ఊడిపోతే ఆ బ్రష్షు కరెంటు స్ప్రింగు గుండా చాసిస్‌కి (ఇంజను అడుగు చట్రానికి) పోయి షార్టవుతుంది, కంట్రోలరు ఆగిపోతుంది. సన్నటి కరెంటు తీగ ప్లాస్టిక్ తొడుగు అర సెంటీమీటరు కోసి ఎక్కిస్తే సరి.

అయస్కాంతాన్ని మాత్రం ఊరికే బయటికి లాగకండి. పాత ఆల్నికో మిశ్రమలోహపు అయస్కాంతం ఇనుప ముక్కల మధ్య నుంచి విడిపోయిన క్షణంలోనే కొంత బలం పోగొట్టుకుంటుంది. తప్పనిసరైతే జరుపుతున్నప్పుడే పక్కన ఇనుప పట్టీ ఆనించండి. ఇంజను ఖాళీగా జోరుగా తిరుగుతూ, నాలుగు పెట్టెలు తగిలించగానే చతికిలబడి, అర ఆంపియరు దాటి తాగుతుంటే అయస్కాంతం నీరసించిందనుకోవచ్చు.

కుట్టుమిషను నూనె సూది మొనతో బేరింగుకి ఒక్క చుక్క. రెండో చుక్క కమ్యుటేటర్ మీదికి పాకి మళ్లీ అదే మడ్డి తయారుచేస్తుంది.

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి హార్న్‌బీ కంపెనీ 'O' గేజి (పెద్ద సైజు) బొమ్మ బండి చక్రాలు వాటంతట అవే పగుళ్లు తీస్తున్నాయి. అతికించవచ్చా? (గోపాలపురం)

జవాబు: అతకదు. అది జింకు రోగం. పోత పోసేటప్పుడు జింకులో సీసం కొద్దిగా కలిసినా లోహపు రేణువుల మధ్య తుప్పు పట్టి, ముక్క ఉబ్బి, పెళుసై పగులుతుంది. వేడీ తేమా దాన్ని తొందరపెడతాయి, మీ ఊరి సముద్రపు గాలిలో రెండూ పుష్కలం. ఇది పక్క బండికి అంటుకుంటుందని భయపడుతుంటారు గానీ అంటుకోదు. చక్రాలు కొత్తవి వేయించి, రేకు పెట్టెని సిలికా జెల్ సంచీతో మూతబిగువు డబ్బాలో ఉంచండి. రేకు మీది అచ్చు రంగు తుడవడానికి గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు. థిన్నరు తగిలితే అక్షరాలతో సహా పోతుంది.

ప్రశ్న: పాత పెట్టెలు ఆరు తగిలిస్తే ఇంజను లాగడం లేదు. ఇంజను బలం ఎలా పెంచాలి? (రాయగడ)

జవాబు: ఇంజనుని వదిలేసి పెట్టెలు తేలిగ్గా దొర్లేలా చేయండి. పాత ప్లాస్టిక్ చక్రాలు పట్టాల మీది మురికిని పూసుకుంటూ పోతాయి. ప్రయాణికుల పెట్టెకి 14 మిల్లీమీటర్లు, గూడ్సు పెట్టెకి 12.6 మిల్లీమీటర్ల వ్యాసమున్న లోహపు చక్రాలు వేయండి. రెండు చక్రాల లోపలి అంచుల మధ్య దూరం 14.5 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉండాలి. తగ్గితే పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) దగ్గర ఎక్కి పడిపోతాయి.

ప్రశ్న: నౌపడ నుంచి మా ఊరు వచ్చిన చిన్న లైను బండి నమూనా చేయాలని ఉంది. పాడైన ట్రయాంగ్ ఇంజన్లు రెండున్నాయి, పనికొస్తాయా? (పర్లాకిమిడి)

జవాబు: భేషుగ్గా. 1900లో మొదలైన ఆ లైను వెడల్పు రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. అసలు బండిలో అడుగుకి నమూనాలో 7 మిల్లీమీటర్ల లెక్కన అది 17.5 అవుతుంది, మీ ట్రయాంగ్ పట్టాల వెడల్పు 16.5. ఒక్క మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. అడుగుకి 4 మిల్లీమీటర్ల లెక్కన చేస్తే 10 రావాలి, దొరికేది 9 మిల్లీమీటర్ల పట్టా, పైగా మీ ఇంజన్లు దాని మీద పనికిరావు. కాబట్టి పెద్ద కొలతే మేలు.

పైతొడుగు విరిగినా పర్వాలేదు, చాసిస్ నడిస్తే చాలు. దాని మీద 1 మిల్లీమీటరు స్టైరీన్ (ప్లాస్టిక్) రేకుతో కొత్త బాడీ కట్టండి. ఏడడుగుల వెడల్పు పెట్టె 49 మిల్లీమీటర్లు వస్తుంది. మలుపులో మూలలు బయటికి పొడుచుకొస్తాయి కనుక కప్లింగుని పెట్టెకి కాక దాని కింద తిరిగే చక్రాల చట్రానికే (బోగీకే) బిగించండి. పాత ట్రయాంగ్ మలుపులు బాగా ఇరుకు, వాటిలో పొడుగు పెట్టెలు రాసుకుంటాయి. ఎత్తైన బాడీ ఊగకుండా అడుగున సీసపు గుళ్లు వేయండి. వాటిని తెల్లటి చెక్కజిగురుతో మాత్రం అతికించొద్దు. అందులోని ఆమ్లానికి సీసం మెల్లగా తెల్లపొడిగా మారి ఉబ్బుతుంది, కొన్నేళ్లకి పెట్టె గోడల్ని పగలగొడుతుంది. ఎపాక్సీ వాడండి.