కడ్డీల్లో ఉన్న సొమ్ము ఇంటి అత్యవసర నిధి కాదు

ప్రశ్న: నా వయసు 42. బొబ్బిలిలో ఉంటాను. టైటానియం, నికెల్ మిశ్రలోహాల కడ్డీలు కొని, హైదరాబాద్, విశాఖపట్నంలలో విమాన, రక్షణ విడిభాగాలు చేసే వర్క్‌షాపులకు సరఫరా చేస్తున్నాను. ఒక పెద్ద ఆర్డరుకు 40 లక్షల సరుకు కొనాలి. 8 శాతం మిగులుతుంది. పొదుపంతా పాత సరుకులోనే ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి 30 లక్షలు, నా భార్య నగల మీద ఏడాదికి 12 శాతం వడ్డీకి 10 లక్షలు తీసుకోవచ్చా? బిల్లులు నాలుగైదు నెలలకు వస్తాయి. ఇంటి ఖర్చు నెలకు 45 వేలు.

జవాబు: తీసుకోవద్దు. ఈ ఆర్డరులో మీకు మిగిలేది 3.20 లక్షలు, రెండు అప్పుల మీద వడ్డీ నెలకు 70 వేలు. బిల్లు అయిదో నెలకు వస్తే 3.50 లక్షలు వడ్డీకే పోయి, మీరు ఊరికే శ్రమపడి పై నుంచి 30 వేలు చేతి నుంచి పెట్టుకున్నట్లవుతుంది. ఈ లెక్క కాగితం మీద వేయకుండానే నగలు తాకట్టు దాకా వెళ్లడం నాకు మింగుడుపడలేదు.

చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు ఉంది కాబట్టి, ఆ సంస్థల కోసం 2006లో చేసిన చట్టం ప్రకారం 45 రోజుల్లో డబ్బు వస్తుందని మీలాంటి వారు చాలామంది ధీమాగా ఉంటారు. 2021 జులైలో వర్తకులకు ఆ నమోదు అవకాశం ఇచ్చింది ప్రాధాన్య రంగ రుణాల కోసమే, అంటే బ్యాంకులు కొన్ని రంగాలకు తప్పక ఇవ్వాల్సిన అప్పుల కోసమే. సరుకు కొని అమ్మేవారికి ఆలస్యపు చెల్లింపుల రక్షణ దానితో రాలేదు.

అసలు పొరపాటు అప్పుకన్నా ముందే జరిగింది. సరుకునే పొదుపు అనుకున్నారు. బంగారమైతే ఏ ఊళ్లోనైనా గంటలో సొమ్మవుతుంది. మీ కడ్డీ మీది హీట్ నంబరు, అంటే అది ఏ విడత కరిగింపులో తయారైందో చెప్పే నంబరు, లోహం పరీక్షల టెస్ట్ సర్టిఫికెట్‌లోని నంబరుతో కలవకపోతే, లోహం ఎంత మేలైనదైనా వర్క్‌షాపు తిప్పి పంపుతుంది, ఆ తర్వాత దానికి పలికేది తుక్కు ధరే. శ్రీకాకుళం తీరపు ఇసుకలో టైటానియం ముడిఖనిజం ఉన్న మాట నిజమే కానీ, పిల్లవాడిని ఆసుపత్రిలో చేర్చిన రాత్రి టైటానియం కడ్డీ పట్టుకుని విజయనగరం గంటస్తంభం దగ్గర నిలబడితే కొనేవారెవరు?

అందుకే ముందుగా, కదలని పాత సరుకును కాస్త తక్కువకైనా అమ్మి, తొమ్మిది నెలల ఇంటి ఖర్చు, అంటే 4.05 లక్షలు, పక్కన పెట్టండి. మీ బిల్లులే అయిదు నెలలు పడుతున్నప్పుడు జీతగాళ్లకు చెప్పే ఆరు నెలల నిధి మీకు చాలదు. వ్యాపారపు కరెంట్ ఖాతాలో ఉంచితే అది మళ్లీ కడ్డీగా మారిపోతుంది కనుక, వేరే బ్యాంకులో మీ భార్య పేరిట డిపాజిట్ చేయండి. 5 లక్షల డిపాజిట్ బీమా పరిమితిలోనే ఉంటుంది. ఆ నిధి నిండే వరకు కొత్త సరుకు అప్పు మీద కొనకండి.

ఆర్డరు వదులుకోలేకపోతే, వర్క్‌షాపు ఇచ్చే అడ్వాన్సుకు సరిపడా సరుకు మాత్రమే విడతలుగా ఇవ్వండి. చిన్న సంస్థల రుణ హామీ పథకం కింద క్యాష్ క్రెడిట్ (ఒక పరిమితి వరకు అవసరమైనప్పుడు వాడుకుని తిరిగి కట్టే బ్యాంకు అప్పు) సంగతి మీ బ్యాంకులో కనుక్కోండి.

టర్మ్ పాలసీ (మరణిస్తే మాత్రమే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) ఉందో లేదో మీరు రాయలేదు. తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ సొమ్ము మీ భార్యాపిల్లలకు చెందుతుంది, వ్యాపారపు అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. పాత పాలసీకి ఆ రక్షణ తర్వాత చేర్చడం కుదరదు కాబట్టి కొత్తది తీసుకోవాలి.