బండిలో గాలితోనే టైర్లు నింపుకోవచ్చా?

ప్రశ్న: మా డీజిల్ మోటార్‌హోమ్‌కి (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) ఎయిర్ బ్రేకులండి, ముందు వైపు గాలి తీసుకోడానికి కనెక్టర్ కూడా ఇచ్చారు. దానికి హోస్ తగిలించి ఇంజన్ ఆన్‌లో పెట్టి గాలి కొడుతుంటే 102 దగ్గర ఆగిపోతోంది, నాకేమో 110 పీఎస్ఐ కావాలి. కంప్రెసర్ పోయినట్టేనా? లేక బ్రేక్ ట్యాంకు నుంచి ఇంకో లైన్ లాక్కోవాలా?

జవాబు: కంప్రెసర్ బానే ఉండి ఉంటుందండి, కంగారు పడకండి. దాన్ని కంట్రోల్ చేసేది గవర్నర్ అనే వాల్వ్, ట్యాంకులో ప్రెషర్ సుమారు 120 - 125కి రాగానే కంప్రెసర్‌ని ఆపేస్తుంది, మళ్ళీ 100 దగ్గరికి పడితే గానీ నింపనివ్వదు (బండిని బట్టి కాస్త అటూ ఇటూ). మీరు టైరుకి గాలి పట్టేకొద్దీ ట్యాంకు 102కి దిగింది, టైరూ 102కి ఎక్కింది, రెండూ సమానం అయిపోయాక ఇంక గాలి ఎటు పోతుంది చెప్పండి. డాష్‌బోర్డు ముల్లు చూస్తే మీకే తెలిసిపోతుంది. చక్రాలకి అడ్డు పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, బ్రేక్ పెడల్ గట్టిగా నాలుగైదు సార్లు తొక్కండి, ప్రెషర్ 100 కిందకి పడగానే కంప్రెసర్ అందుకుంటుంది, ముల్లు 110 దాటి పైకి పోతున్నప్పుడు టైరుకి పట్టండి. ఒక్కో టైరుకీ ఇదే తంతు, విసుగే మరి. గవర్నర్ స్క్రూ తిప్పి ప్రెషర్ పెంచుకోమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి.

ఇంకో లైన్ సంగతికొస్తే, బ్రేకులకి గాలి నిల్వ ఉంచే ప్రైమరీ, సెకండరీ ట్యాంకుల జోలికి అస్సలు వెళ్ళొద్దు. వాటికి హోస్ తగిలించాక అది పగిలిందంటే పోయేది బ్రేకు గాలే. ప్రెషర్ ప్రొటెక్షన్ వాల్వ్ తర్వాత ఉండే యాక్సెసరీ లైన్ (బ్రేకులు కాని మిగతా వాటికి గాలి ఇచ్చేది) నుంచే తీసుకోవాలి, బ్రేకులకి కావాల్సిన గాలి తగ్గిపోకముందే ఆ వాల్వ్ మూసుకుపోతుంది. ఇంకోటి, మీది ఎయిర్ సస్పెన్షన్ (గాలి బ్యాగుల మీద నిలిచే) బండి అయితే గాలి తగ్గినప్పుడు బాడీ కిందకి దిగిపోతుంది, సపోర్ట్ పెట్టకుండా కింద దూరొద్దు.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే, అంటే ప్రయాణానికి ముందే కొట్టండి, రీడింగ్ హోస్ తీసేసి విడి గేజ్‌తో చూడండి.

ప్రశ్న: మాది పెట్రోల్ మోటార్‌హోమ్, సస్పెన్షన్ ఎయిర్ బ్యాగుల కోసం చిన్న కంప్రెసర్ ఉంది, దాంతో కుదురుతుందా?

జవాబు: హైడ్రాలిక్ బ్రేకుల (గాలితో కాక ద్రవంతో పనిచేసేవి) బండి అయితే మీకు పెద్ద ఎయిర్ ట్యాంకులుండవు. ఆ చిన్న కంప్రెసర్ బ్యాగులకి సరిపోతుంది అంతే, పెద్ద టైర్లన్నీ వరసగా నింపితే వేడెక్కి కాలిపోవచ్చు. బ్యాటరీకి తగిలించే పోర్టబుల్ పంపు కొనుక్కోండి, మీ టైరు ప్రెషర్ కంటే బాగా ఎక్కువ రేటింగ్ ఉన్నది, ఆపకుండా ఎంతసేపు నడుస్తుందో కూడా చూసి మరీ.