రెండు రోజుల వర్క్‌షాప్‌తో సీబీటీ వస్తుందా?

హన్మకొండలో సైకాలజీ పీజీ చేసి కౌన్సెలింగ్‌లో ఉన్నవాళ్లకు తరచూ వచ్చే సందేహమిది. రాదు. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటే ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకుంటూ మానసిక ఇబ్బందిని తగ్గించే మాటల చికిత్స. రెండు రోజుల్లో దాని పరిచయం మాత్రమే అవుతుంది. పైగా ఆ సర్టిఫికెట్‌తో క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోకూడదు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: క్లయింటు రాతపూర్వక అనుమతితో చేసిన మా సెషన్ రికార్డింగ్ విని ఎవరైనా మార్కులు వేస్తారా? కాగ్నిటివ్ థెరపీ రేటింగ్ స్కేలులో 11 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 6. మొత్తం 66కి 40 వస్తే చేయి తిరిగినట్టు లెక్క. అజెండా పెట్టుకోకుండా, పోయినవారం హోంవర్క్ చూడకుండా మాటల్లో పడిపోతే మార్కులు అక్కడే పోతాయి.

ఇక ఆలోచనల పట్టిక, అంటే పేషెంటు ఆలోచనను, భావోద్వేగాన్ని వేర్వేరు గడుల్లో రాసే సీబీటీ కాగితం. దాన్ని తెలుగులో నింపడం ఇంగ్లిష్ పుస్తకం చదివినంత సులువు కాదు. పేషెంటు "రంది పట్టుకున్నది సార్" అంటే ట్రైనీ దాన్ని ఆలోచన గడిలో రాసేస్తాడు. రంది అంటే దిగులు, అది భావోద్వేగం, 0 నుంచి 100లో ఎంతో అడిగి పక్క గడిలో వేయాలి. తర్వాత "ఏమనిపించింది?" అనొద్దు. మన "అనిపించింది" ఆలోచనకూ భావానికీ రెండింటికీ సరిపోతుంది, మళ్లీ రందే జవాబుగా వస్తుంది. "అప్పుడు మనసుల ఏం మాట మెదిలింది?" అంటే "ఇగ నా బతుకింతే" అని బయటికొస్తుంది. అనుకూల, ప్రతికూల ఆధారాలు వెతకాల్సింది ఆ వాక్యానికే.