హైదరాబాద్ గుండ్లను ఎవరూ పేర్చలేదండీ

హైదరాబాద్‌లో ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు వరదకు కొట్టుకొచ్చాయా, ఎవరైనా పేర్చారా అని మీ బాబు అడిగాడన్నారు. రెండూ కావండీ, అవి ఉన్నచోటే తయారయ్యాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో చల్లారి గట్టిపడిన గ్రానైట్ అది. పై పొరలు అరిగి బరువు తగ్గేసరికి నిలువుగా, అడ్డంగా పగుళ్లు వచ్చాయి. వాటిలోకి దిగిన నీరు రాతిలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లగా బంకమట్టిగా మార్చింది. మూలలకు నీళ్లు మూడువైపుల నుంచీ తగులుతాయి కాబట్టి అవే ముందు అరిగి, రాయి గుండ్రమైంది. మధ్యలోని మెత్తటి మట్టిని వానలు కడిగేశాక గుండ్లు మిగిలాయి.

బాబును ఒకసారి తీసుకెళ్లి దగ్గరగా చూపించండి. గుండు పక్కన ఉల్లిపొరలా లేచిన పెచ్చు, కింద వేళ్లకు గరగరలాడే ఇసుక కనిపిస్తాయి. అందులో తళుక్కుమనేది ఎక్కువగా క్వార్ట్జ్ అనే ఖనిజం, నీటికి అంత తేలిగ్గా లొంగదు. ఇలాంటి గుండ్లను కంకర కోసం పగలగొడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.