ఓడ దిగి పెనాంగ్ వీధుల్లో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సింగపూర్ నుంచి క్రూయిజ్‌లో వెళ్తున్నాం. ఓడ మలేషియాలోని పెనాంగ్‌లో ఉదయం 9కి ఆగి సాయంత్రం 6కి కదులుతుంది. టూర్ బస్సు ఎక్కకుండా నడిచే ఊరు చూడగలమా? ఎటు నుంచి మొదలుపెట్టాలి? (విజయవాడ)

జవాబు: నిక్షేపంగా చూడొచ్చు. చాలా రేవుల్లో ఓడ ఒకచోట, ఊరు ఇంకోచోట. పెనాంగ్‌లో ఆ బాధ లేదు. స్వెటెన్‌హామ్ పియర్ గేటు దాటితే జార్జ్ టౌన్ పాతబస్తీయే. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన బస్తీ ఇది.

ముందు టైము లెక్క. 9కి ఓడ ఆగినా తనిఖీలు, క్యూలు అయ్యేసరికి 9.45. సాయంత్రం 6కి బయల్దేరే ఓడ 5కో 5.30కో అందరూ ఎక్కేయాలంటుంది. ముందురోజు రాత్రి కేబిన్‌కొచ్చే కాగితంలో ఆ టైము ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. మీ చేతిలో ఉన్నది ఏడు గంటలు. ఆరు గంటలకే ప్లాను వేసుకోండి.

చాలామంది గేటు బయట గడియార స్తంభం, కోట కనబడగానే అక్కడే గంటన్నర గడిపేస్తారు. ఎండ ముదిరాక దూరపు వీధులకు బయల్దేరి, సగంలో చతికిలబడతారు. మీరు తిరగేయండి: దూరంవి ముందు, ఓడ పక్కవి చివర.

గేటు దాటి ఎడమకు, సముద్రం వెంట వెల్డ్ కీ రోడ్డు మీద సుమారు కిలోమీటరున్నర నడిస్తే చ్యూ జెట్టీ. చ్యూ ఇంటిపేరున్న చైనా కుటుంబాలు నీళ్ళ మీద గుంజలు పాతి కట్టుకున్న ఇళ్ళు, మధ్యలో చెక్కల దారి. చివర్లో కొన్నిచోట్ల పిట్టగోడ లేదు, పిల్లల చెయ్యి వదలకండి. ఆ ఇళ్ళల్లో ఇంకా కాపురాలున్నాయి, గుమ్మాల్లోకి ఫోన్ పెట్టి ఫోటోలు తీయొద్దు.

అక్కడి నుంచి రోడ్డు దాటితే అర్మీనియన్ స్ట్రీట్. 2012లో చిత్రకారుడు ఎర్నెస్ట్ జకరెవిచ్ గోడ మీద గీసిన సైకిల్ మీది పిల్లల బొమ్మ దగ్గర పొద్దెక్కితే వరస కడతారు, పొద్దున్నే అయితే పని తేలిక. పక్కనే ఖూ కొంగ్సీ, చైనా వంశం వారి కులదేవాలయం. టికెట్ ఉంది, అయినా వదలొద్దు. ఈ ఊళ్ళో టికెట్ పెట్టి ఒక్కటే చూస్తామంటే మేం దీన్నే చెబుతాం. కప్పు మీది శిల్పాలకే అరగంట పడుతుంది.

తర్వాత 1801లో మొదలైన కపితాన్ కెలింగ్ మసీదు. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళ చూడ్డానికి వచ్చినవాళ్ళను పంపరు. దానికి దగ్గర్లోనే 1833 నాటి మహామారియమ్మన్ గుడి. మధ్యాహ్నం తలుపులు మూస్తారు కాబట్టి 11.30 లోపే చేరండి. భోజనం అక్కడే లిటిల్ ఇండియాలో. ఆ తర్వాత 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, కార్న్‌వాలిస్ కోట, చివర గడియార స్తంభం. విక్టోరియా రాణి 60 ఏళ్ళ పాలనకు ఏడాదికో అడుగు చొప్పున 60 అడుగులు. రెండో ప్రపంచయుద్ధం బాంబుల దెబ్బకు కాస్త ఒరిగింది, పరికించి చూస్తే తెలుస్తుంది. అక్కడి నుంచి ఓడకు నాలుగడుగులే.

మొత్తం నాలుగైదు కిలోమీటర్లు. మనిషికి లీటరు నీళ్ళు, ఒక గొడుగు చాలు. పెనాంగ్ హిల్ రైలు కూడా ఇదే రోజు ఇరికించకండి. అది ఊరికి దూరం, సెలవు రోజుల్లో క్యూ ఎంతసేపో చెప్పలేం.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. వీల్‌చెయిర్ తీసుకెళ్ళొచ్చా? (వరంగల్)

జవాబు: చక్రాల కుర్చీకి ఈ వీధులు అనుకూలం కాదు. దుకాణాల ముందు ‘ఐదడుగుల దారి’ అనే వసారాలుంటాయి. నీడ బాగుంటుంది కానీ ఒక్కో దుకాణానికి ఒక్కో ఎత్తు, మధ్యలో మెట్లు, అడ్డంగా పెట్టిన మోటారు సైకిళ్ళు, పక్కన మూత లేని కాలువలు. కుర్చీ మాటిమాటికీ రోడ్డు మీదికి దించాల్సి వస్తుంది. బదులుగా గంట లెక్కన ‘బెచా’ అనే సైకిల్ రిక్షా మాట్లాడండి, ఎక్కేముందే ధర తేల్చుకోండి. పాతబస్తీలో తిరిగే ‘క్యాట్’ బస్సుకు టికెట్ లేదు.

ప్రశ్న: పూర్తి శాకాహారులం. బయట ఏం తినగలం? (కాకినాడ)

జవాబు: లిటిల్ ఇండియాలో ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం దొరుకుతాయి. మిగతాచోట్ల జాగ్రత్త. తూటికూర వేపుడు చూడ్డానికి వట్టి ఆకుకూరే, అందులో ‘బెలచాన్’ అనే రొయ్యల ముద్ద వేస్తారు. లక్సా పులుసు చేపతో కాస్తారు. రోటీ చనాయ్ మన పరోటాకు చుట్టమే, కొన్నిచోట్ల పప్పు మీద చేపల పులుసు కూడా పోస్తారు. మలయ్ భాషలో ‘తాక్ నక్ ఇకాన్, ఉడాంగ్, బెలచాన్’ అనండి: చేప, రొయ్య, రొయ్యల ముద్ద వద్దని అర్థం. గుడ్డు కూడా తినకపోతే ‘తెలూర్’ చేర్చండి. కొబ్బరిపాలు, తాటిబెల్లం, ఐసుతో చేసే చెండోల్ నిశ్చింతగా తాగొచ్చు.

ప్రశ్న: ఆలస్యమైతే ఓడ ఆగుతుందా? (హైదరాబాద్)

జవాబు: ఓడవాళ్ళ టూర్లో వెళ్ళినవాళ్ళ కోసం ఆగుతుంది, సొంతంగా తిరిగేవాళ్ళ కోసం ఆగదు. తప్పిపోతే తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో వెళ్ళాలి. ముందురోజు రాత్రి కేబిన్‌కొచ్చే కాగితంలోనే, రేవులో ఓడ సంస్థ తరఫున పనిచేసే పోర్ట్ ఏజెంట్ నంబరు ఉంటుంది, మొదట ఆయనకే ఫోన్ చేయాలి. పాస్‌పోర్టు ఓడలోనే ఉంచుకునే సంస్థలున్నాయి, కాబట్టి దాని ఫోటోకాపీ, రూమ్ కార్డు జేబులో ఉండాలి. సింగపూర్ వీసా ఒక్క ప్రవేశానికే కాకుండా చూసుకోండి, తిరిగొచ్చేది అక్కడికే.

టైము దగ్గర మోసపోయేవాళ్ళే ఎక్కువ. పెనాంగ్, సింగపూర్ రెండింటి టైమూ ఒకటే, మనకంటే రెండున్నర గంటలు ముందు. మీ ఓడ థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో కూడా ఆగితే, అక్కడ మాత్రం వీటికంటే ఒక గంట వెనక. ఫోన్ తనంతట తనే గంట మార్చేసుకుంటుంది, ఓడ గడియారం మారకపోవచ్చు. చేతికి మామూలు వాచీ పెట్టుకుని ఓడ టైముకు కలపండి. ఓడ ఎక్కగానే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, సముద్రం మీది నెట్‌వర్క్ తగులుకుంటే బిల్లు వాచిపోతుంది. ఊరి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే దారికి నెట్ అక్కర్లేదు.

ఇంకొకటి, తిరిగి ఎక్కేటప్పుడు సంచులు స్కాన్ చేస్తారు. కొన్న మద్యం సీసాలు ప్రయాణం ముగిసేదాకా వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు. దురియన్ పండును గేటు దగ్గరే ఆపేస్తారు, తినాలనిపిస్తే బయటే తినేసి రండి.