రిమోట్ ముట్టుకోకుండా చూడాల్సిన కొన్ని చిన్న సినిమాలు

ఉన్నట్టుండి పెద్ద శబ్దం పెట్టి ఉలిక్కిపడేలా చేసే హారర్ సినిమాలు విసుగొచ్చాయని, కామెడీ, హారర్‌లలో కాస్త భిన్నమైన చిన్న సినిమాలు కావాలని అడిగారు. ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది జపాన్‌లో 2017లో వచ్చిన 'వన్ కట్ ఆఫ్ ద డెడ్'.

దాని కథ ఎక్కడా చదవకండి. ట్రైలర్ కూడా వద్దు. జాంబీ సినిమా తీస్తున్న యూనిట్ మీదికి నిజం జాంబీలు వచ్చి పడతాయి, అంతవరకు తెలిస్తే చాలు. మొదటి 37 నిమిషాలు ఒక్క కట్ కూడా లేని ఒకే షాట్. అందులో నటన అతకదు, మాట్లాడాల్సిన చోట మనుషులు తడబడతారు, కెమెరా కాసేపు నేలమీదే ఉండిపోతుంది. నేను మొదటిసారి ఇరవై నిమిషాలకే ఆపేశాను. కొన్ని నెలల తర్వాత ఒక స్నేహితుడు పక్కన కూర్చోబెట్టుకుని, "ఈసారి రిమోట్ ముట్టుకోకు" అన్నాడు. చివరి అరగంట పొట్ట పట్టుకుని నవ్వాను. ఆఖరి దృశ్యంలో మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది. సినిమా తీసేవాళ్ల కష్టం మీద అంత ప్రేమతో తీసిన సినిమా నేను ఇంకొకటి చూడలేదు. దర్శకుడు షినిచిరో ఉయెదా. పేరున్న నటులు ఒక్కరూ లేరు, బడ్జెట్ సుమారు 30 లక్షల యెన్లు.

ఇలాంటి సినిమాలు నాకు నచ్చేది ఇందుకే. డబ్బు లేదు కాబట్టి ఆలోచన గట్టిగా ఉండి తీరాలి. 'క్రీప్' (2014) చూడండి, తెరమీద కనిపించేది దాదాపు ఇద్దరే. ఒకరోజు పనికి వచ్చిన వీడియోగ్రాఫర్, అతన్ని పిలిపించిన వ్యక్తి. వీడియోగ్రాఫర్‌గా వేసిన పాట్రిక్ బ్రైసే దర్శకుడు. ఎదుటివాడిగా మార్క్ డూప్లాస్ ఎంత ఆప్యాయంగా మాట్లాడితే మనకి అంత టెన్షన్ పెరుగుతుంది. ఇతను మంచివాడేనా, మొహమాటానికి పోయి ఇక్కడ ఇరుక్కుపోయామా అన్న ఆ ఇబ్బంది మనందరికీ తెలిసిందే. దాన్నుంచే భయం పుట్టించారు.

భయం తక్కువ, నవ్వు ఎక్కువ కావాలంటే న్యూజిలాండ్ సినిమా 'వాట్ వుయ్ డూ ఇన్ ద షాడోస్' (2014). ఒకే ఇంట్లో కలిసి ఉండే రక్తపిశాచుల మీద డాక్యుమెంటరీ తీస్తున్నట్టు నడుస్తుంది. వందల ఏళ్లు బతికినవాళ్లు అంట్లు ఎవరు తోమాలని కొట్లాడుకుంటారు. పిలవనిదే లోపలికి వెళ్లలేరు కాబట్టి క్లబ్బుల గుమ్మం దగ్గర నిలబడి బతిమాలుకుంటారు. ఇదే పేరుతో తర్వాత సిరీస్ కూడా వచ్చింది గానీ, ముందు సినిమానే చూడండి.

మాటలే దాదాపు లేని బ్లాక్ అండ్ వైట్ అల్లరి కావాలంటే 'హండ్రెడ్స్ ఆఫ్ బీవర్స్' (2022). బీవర్ (నీళ్లలో కట్టెలతో ఆనకట్టలు కట్టే ఎలుక జాతి జంతువు) వేషాలేసుకున్న మనుషులతో ఒక వేటగాడి యుద్ధం. పిల్లలకి చూపించాలనుకుంటే ముందు మీరొకసారి చూడండి.

చివరిగా 'లేక్ మంగో' (2008), ఆస్ట్రేలియాది. నీళ్లలో మునిగి చనిపోయిన అమ్మాయి గురించి ఇంట్లోవాళ్లు కెమెరా ముందు మాట్లాడుతుంటారు. చాలా నెమ్మదిగా సాగుతుంది, అరుపులుండవు. అయినా చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, భయం కన్నా దిగులే ఎక్కువ. ఈమధ్య ఆప్తుల్ని ఎవరినైనా పోగొట్టుకుని ఉంటే ఇప్పుడే చూడకండి. చూస్తే మాత్రం పేర్లు పడుతున్నప్పుడు లేవకండి, తెరమీదే చూపు ఉంచండి.