ఆ దుంగ దగ్గరే ఆగు

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. జపాన్‌లో క్యూషూ దీవిలో, హితా దగ్గరి కొండల్లో ఉన్న ఒంత అనే కుమ్మరి పల్లెలో ఒక రోజంతా తిరిగొచ్చావు. నాలుగు పేజీల్లో పొగమంచు, టీ, పలకరింపులు, ఫోటోలు అన్నీ ఉన్నాయి. నాకు మాత్రం మూడో పేజీలో ఒక్క వాక్యం దగ్గర ప్రాణం లేచొచ్చింది: "వాగు పక్కన ఏదో దుంగ దభీమని పడుతూనే ఉంది."

ఆ 'ఏదో' తీసెయ్. నీ వ్యాసం అక్కడే ఉంది.

దాన్ని కరాఉసు అంటారు. దుంగకి ఒక కొస దొన్నెలా తొలిచి ఉంటుంది. వాగు నీళ్లు అందులో నిండగానే ఆ కొస కిందికి వంగుతుంది. నీళ్లు ఒలికిపోతాయి. తేలికై పైకి లేచేసరికి, అటు కొసనున్న రోకలి గుంటలోని మట్టి మీద పడుతుంది. మన ఏతం గుర్తు రాలేదూ? కొండ మట్టి అలా రాత్రీ పగలూ వారాల తరబడి నలిగితే గానీ సారె మీదికి రాదు. వాగు ఎంత దంచితే అన్నే కుండలు. 1705లో కుండల పని మొదలైన ఊరు, ఇంకా ఓ పది కుమ్మరి ఇళ్లకు మించి పెరగకపోవడం వెనక ఈ లెక్క కూడా ఉందని నాకనిపిస్తుంది. 2017 జూలై వరదకు ఈ దుంగలు చాలా దెబ్బతిన్నాయి. అయినా మళ్లీ నిలబెట్టుకున్నారు. నీ వ్యాసంలో ఇదేదీ లేదు.

కుండ మీద గీట్లను 'అద్భుతమైన డిజైన్' అని వదిలేశావు. తెల్లపూత పూసిన పచ్చి కుండ సారె మీద తిరుగుతుంటే, స్ప్రింగులా వంగే సన్నటి ఇనుప రేకును దానికి ఆనిస్తారు. అది ఎగిరెగిరి పడుతుంది. పడ్డచోటల్లా ఒక గీటు. నువ్వు కళ్లారా చూశావు కదమ్మా, అదే రాయాలి.

ఇంకో మాట. ఆ కుండల మీద చేసినవాళ్ల పేరు ఉండదు, ఊరి పేరే. నీ మొదటి పేజీలో 'నేను' పదకొండుసార్లు వచ్చింది. రెండు చాలు. నేనూ పదేళ్లు అలాగే రాశాను. అప్పుడు నేను తిరిగి రాసిన ఊళ్లలో ఒక్క ఇంటి గడపైనా ఇప్పుడు నాకు గుర్తు లేదు.

ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేశానన్నావు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెట్టి, అక్కడి నుంచి మొదలుపెట్టి పంపు. నెలాఖరు దాకా చూస్తుంటాను.